ఒక్క గ్లాసు కల్లు గర్భిణి రక్తంలో ఏం చేస్తుంది?

ప్రశ్న: మాది కొంపల్లి. నా వయసు 29, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇప్పుడు నాకు తొమ్మిదో వారం. నెల తప్పిన సంగతి తెలియక ముందు ఒక ఫ్రెండ్ పుట్టినరోజు పార్టీలో స్ట్రాంగ్ బీరు ఒక పెద్ద సీసా తాగాను. తర్వాతి వారం ఒక గ్లాసు వైన్ తాగాను. టెస్టులో రెండు గీతలు కనిపించాక మళ్లీ ముట్టుకోలేదు. మొదటి చెకప్‌లో సీబీపీ, షుగర్, థైరాయిడ్, ఎల్‌ఎఫ్‌టీ అన్నీ నార్మల్ వచ్చాయి. భయమేసి డాక్టర్‌కి తాగిన సంగతి చెప్పలేదు. ఇప్పుడు బోనాలు వస్తున్నాయి. మా అత్తమ్మ ప్రతి ఏడూ ఉపవాసం ఉండి బోనం ఎత్తుతారు, ఈసారి నన్ను కూడా ఉండమంటున్నారు. సాయంత్రం అమ్మవారికి సాక పోశాక ‘ఒక్క గ్లాసు ఈతకల్లు తాగు బిడ్డా, సలవ జేస్తది, కడుపుల పిల్లకు మంచిది’ అంటున్నారు. కాన్పయ్యాక బాలింతకు బ్రాందీ కూడా పట్టించాలట. అసలు ఆల్కహాల్ నా రక్తంలోకి వెళ్లి ఏం చేస్తుంది? రిపోర్టులు బాగున్నాయి కాబట్టి ఏమీ కానట్టేనా?

జవాబు: అమ్మా, అయిపోయిన ఆ బీరు సీసా కన్నా రాబోయే ఉపవాసం, ఆ సాయంత్రం తాగమంటున్న కల్లు, ఈ రెండూ ఒకే రోజున కలవడమే నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. అందుకే ముందు దాని గురించే రాస్తాను. తాగిన విషయానికి తర్వాత వస్తాను.

పొద్దున్నుంచి ఏమీ తినకపోతే రక్తంలో షుగర్ పడిపోకుండా కాపాడేది కాలేయం. తనలో చక్కెర నిల్వగా దాచుకున్న గ్లైకోజన్‌ని కరిగించి కొంతసేపు నెట్టుకొస్తుంది. అది తగ్గే కొద్దీ లాక్టేట్, అమైనో ఆమ్లాల లాంటి వాటి నుంచి కొత్తగా గ్లూకోజ్ తయారు చేసుకుంటుంది. గర్భంతో ఉన్నప్పుడు ఈ నిల్వలు మామూలు కంటే త్వరగా తరిగిపోతాయి. బిడ్డ నిరంతరం గ్లూకోజ్ తీసుకుంటూనే ఉంటుంది కదా. అందుకే ఒక్క పూట భోజనం మానినా గర్భిణి ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు తయారవడం తొందరగా మొదలవుతుంది. పైగా తొమ్మిదో వారమంటే వేవిళ్ల కాలం. తిన్నది నిలవని రోజుల్లో ఉపవాసం తోడైతే సాయంత్రానికి ఆ నిల్వలు బాగా తగ్గిపోయి ఉంటాయి.

అలాంటి సమయంలో కల్లు లోపలికి వెళ్తే కాలేయం మిగతా పనులు పక్కన పెట్టి ముందు ఆల్కహాల్‌ని వదిలించుకునే పనిలో పడుతుంది. మొదట దాన్ని అసిటాల్డిహైడ్‌గా, తర్వాత అసిటేట్‌గా మారుస్తుంది. ఈ రెండు మెట్లలోనూ ఎన్‌ఏడీ అనే సహాయక పదార్థం ఖర్చయి ఎన్‌ఏడీహెచ్ పోగుపడుతుంది. కొరుకుడుపడని పేర్లే గానీ తల్లి రక్తంలో కనిపించే మార్పుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది. ఎన్‌ఏడీహెచ్ పెరిగితే కొత్త గ్లూకోజ్‌కి ముడిసరుకు కావలసిన పైరువేట్ లాక్టేట్‌గా మారిపోతుంది. అంటే గ్లూకోజ్ తయారీ కుంటుపడుతుంది. నిల్వ లేదు, తయారీ సరిగా లేదు, బిడ్డ వాడకం మాత్రం ఆగదు. కళ్లు తిరగడం, చెమటలు, వణుకు, ఒక్కోసారి స్పృహ తప్పడం ఇక్కడి నుంచే వస్తాయి. గుడి దగ్గర గర్భిణి సొమ్మసిల్లితే చుట్టూ ఉన్నవాళ్లు ఎండ దెబ్బ అనుకునే ప్రమాదం కూడా ఉంది.

షుగర్ తగ్గడంతో కథ అయిపోదు. లాక్టేట్ పెరుగుతుంది, కొవ్వు కరగడం వల్ల కీటోన్లు పెరుగుతాయి. రెండూ రక్తాన్ని ఆమ్లం వైపు నెట్టేవే. మామూలు మనిషి రక్తంలో ఈ ఆమ్లాన్ని తట్టుకోవడానికి బైకార్బనేట్ లీటరుకు సుమారు 24 మిల్లీమోల్స్ ఉంటుంది. గర్భిణిలో ప్రొజెస్టరాన్ ప్రభావం వల్ల శ్వాస లోతుగా సాగుతుంది, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. దానికి సరిపడేలా మూత్రపిండాలు బైకార్బనేట్‌ని కొంత వదిలేస్తాయి. అందుకని గర్భిణుల్లో అది 18 నుంచి 22 మధ్యే ఉంటుంది. ఇది జబ్బు కాదు, గర్భధారణలో సహజం. కాకపోతే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి అప్పటికే కొంత తగ్గి ఉంటుంది. అందుకే తిండి లేకుండా, వాంతులతో నీరసించి, పైన మద్యం తాగిన గర్భిణి మామూలు వాళ్లకంటే త్వరగా, కీటోన్లతో రక్తం ఆమ్లంగా మారిపోయే కీటోఅసిడోసిస్‌లోకి జారిపోవచ్చు. అది అత్యవసర స్థితి. ఆగని వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస కనిపిస్తే ఇంట్లో నిమ్మరసం ఇస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక ‘సలవ’ సంగతి. కల్లు తాగాక ఒళ్లు చల్లబడినట్టు అనిపించడం అబద్ధం కాదు. చర్మం కింది రక్తనాళాలు వెడల్పయి ఒంట్లోని వేడి బయటికి పోవడం వల్ల అలా ఉండొచ్చు. లోపల జరిగేది వేరు. ఒంట్లో నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ని ఆల్కహాల్ అణచివేస్తుంది. మూత్రం ఎక్కువగా పోతుంది, దాంతో పాటే మెగ్నీషియం, జింక్ కూడా పోతాయి. దాహం తీరిందనుకున్న మనిషి నిజానికి ఎండిపోతూ ఉంటుంది. అత్తమ్మగారు కోరుకునే చలవ మీకు మజ్జిగ, కొబ్బరినీళ్లు, సబ్జా గింజల నీళ్లలో దొరుకుతుంది.

కల్లులో ఆల్కహాల్ తక్కువేగా అని చాలామంది అడుగుతారు. చెట్టు మీద నుంచి అప్పుడే దింపి, పులియకుండా చల్లగా ఉంచిన నీరాలో అది దాదాపు ఉండదు. 2023లో నెక్లెస్ రోడ్డులో తెరిచిన నీరా కేఫ్‌లో అమ్మేది అలాంటిదే. కుండలో ఉండి ఎండెక్కే కొద్దీ అదే నీరా పులిసి కల్లవుతుంది. సాయంత్రానికి సుమారు 5 శాతం ఆల్కహాల్ ఉందనుకుంటే అర లీటరులో 20 గ్రాములు. మీరు తాగిన 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 7 శాతం అనుకుంటే అందులో దాదాపు 36 గ్రాములు. కాలేయం గంటకు రమారమి 7 నుంచి 10 గ్రాములే వదిలించుకోగలదు. అంటే ఒక్క సీసా పూర్తిగా రక్తంలోంచి పోవడానికి నాలుగైదు గంటలు పడుతుంది. కాఫీ, చన్నీటి స్నానం, మజ్జిగ ఏవీ ఆ వేగాన్ని పెంచలేవు.

ఆ గంటలన్నీ బిడ్డ కూడా ఆ మద్యంలోనే ఉంటుంది. ఆల్కహాల్ చిన్న అణువు, మాయ దాన్ని అడ్డుకోలేదు. తల్లి తాగిన కొద్దిసేపటికే బిడ్డ రక్తంలోని మోతాదు తల్లి రక్తంలోని మోతాదుకు దగ్గరగా వస్తుంది. తల్లికి దాన్ని విరగ్గొట్టే కాలేయం ఉంది. బిడ్డ కాలేయానికి ఇంకా ఆ ఎంజైములు సరిగా లేవు. కాబట్టి బిడ్డ రక్తంలోది మళ్లీ మాయ ద్వారా తల్లికి చేరి, తల్లి కాలేయమే దాన్ని కరిగించాలి. కొంత ఉమ్మనీటిలోకి పోతుంది. నెలలు నిండే కొద్దీ బిడ్డ ఆ ఉమ్మనీటినే మింగుతూ ఉంటుంది గనుక తల్లి రక్తం శుభ్రపడిన తర్వాత కూడా బిడ్డకు మద్యం అందుతూనే ఉంటుంది. నేను చెప్పే వాటన్నిట్లోకీ ఇంట్లోవాళ్లు తప్పకుండా వినాల్సింది ఇదే.

ఇప్పుడు మీ రిపోర్టుల సంగతి. నార్మల్ వచ్చినందుకు సంతోషం. మీ కాలేయం, రక్తం బాగున్నాయని అవి చెబుతున్నాయి. అయితే నాలుగు వారాల కింద తాగిన ఒక బీరు గురించి అవి ఏమీ చెప్పలేవు. షుగర్, లాక్టేట్, కీటోన్లలో వచ్చిన మార్పులు మర్నాటికల్లా సర్దుకుంటాయి. జీజీటీ అనే కాలేయ ఎంజైము పెరగాలంటే వారాల తరబడి ఎక్కువగా తాగి ఉండాలి, పైగా గర్భిణుల్లో అది మామూలుగానే కాస్త తగ్గుతుంది. సీబీపీలో ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ పెరగడానికి నెలలు పడుతుంది, ఎందుకంటే ఎర్రకణం బతికేది దాదాపు 120 రోజులు. తాగుడును పట్టుకోవడానికి వాడే సీడీటీ అనే ఇంకో పరీక్ష గర్భిణుల్లో తాగకపోయినా పెరగవచ్చు. ఫాస్ఫాటిడైల్ ఇథనాల్ అనే పదార్థం మాత్రం ఆల్కహాల్ ఉంటేనే ఎర్రకణాల పొరలో తయారవుతుంది, అదీ రెండు నుంచి నాలుగు వారాల వరకే దొరుకుతుంది. మీరు ఇప్పుడు డబ్బు పెట్టి ఈ పరీక్షలు చేయించుకోవాల్సిన పని లేదు. తాగానని మీకు తెలుసు. బిడ్డకు ఏమైనా అయిందా అన్నది వీటిలో ఏదీ చెప్పదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. రాబోయే నెలల్లో ఎల్‌ఎఫ్‌టీ మళ్లీ చేస్తే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువగా కనిపించవచ్చు. అది మాయ నుంచి వచ్చేది. ఆ బీరు వల్లే లివర్ పాడైందని రాత్రంతా ఇంటర్నెట్‌లో వెతుకుతూ కూర్చోకండి. రక్తంలోని కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు కూడా గర్భంలో సహజంగానే బాగా పెరుగుతాయి. తాగుడు కొనసాగించే వాళ్లలో అవి ఇంకా పెరుగుతాయి, బాగా మితిమీరితే పాంక్రియాస్ వాపు దాకా వెళ్లొచ్చు. యూరిక్ ఆసిడ్ కూడా అంతే. లాక్టేట్ పెరిగినప్పుడు మూత్రపిండాలు యూరిక్ ఆసిడ్‌ని సరిగా బయటికి పంపలేవు. గర్భంలో బీపీ పెరిగినప్పుడు డాక్టర్లు చూసే వాటిలో యూరిక్ ఆసిడ్ ఒకటి. తల్లి తాగుతున్న సంగతి దాచిపెడితే ఆ అంకెను తప్పుగా అర్థం చేసుకునే అవకాశం ఉంది.

ఫోలేట్ (ఫోలిక్ ఆసిడ్ మాత్రల ద్వారా అందే బీ విటమిన్) గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ విషయంలో ఇప్పుడు చేతనైనంత సరిదిద్దుకోగలిగింది ఇదే. ఆల్కహాల్ పేగుల్లో ఫోలేట్ ఒంటికి పట్టకుండా చేస్తుంది, కాలేయంలో నిల్వ కాకుండా చేస్తుంది, మూత్రంలో ఎక్కువగా పోయేలా చేస్తుంది. ఫోలేట్ తగ్గితే రక్తంలో హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం పెరుగుతుంది, కొత్త కణాల తయారీ మందగిస్తుంది. బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే నాళం గర్భం నిలిచిన సుమారు 28 రోజులకే మూసుకుపోతుంది, అంటే చాలామంది టెస్టు చేసుకునే సమయానికి ఆ పని దాదాపు పూర్తయి ఉంటుంది. గర్భం కోసం ప్రయత్నించేవాళ్లు నెలల ముందు నుంచే ఫోలిక్ ఆసిడ్ వేసుకోవాలని చెప్పేది అందుకే. ఒక్క బీరు, ఒక్క గ్లాసు వైన్ మీ నిల్వల్ని ఊడ్చేసి ఉండవు, ఫోలేట్ అంతగా పడిపోయేది క్రమం తప్పకుండా తాగేవాళ్లలో. అయినా డాక్టర్ ఇచ్చిన ఫోలిక్ ఆసిడ్ రోజూ తప్పకుండా వేసుకోండి. నాలుగో నెల నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ కూడా ఉంటుంది. శాకాహారులైతే బీ12 సంగతి కూడా డాక్టర్‌ని అడగండి, హోమోసిస్టీన్‌ని అదుపులో ఉంచే పనిలో ఫోలేట్‌కి తోడుగా ఉండేది అదే.

నేను పైన రాసిన రక్తపు మార్పుల్లో చాలా వరకు ఎక్కువగా, తరచుగా తాగేవాళ్లలోనే స్పష్టంగా కనిపిస్తాయి. అలాగని ‘కొంచెం తాగితే రక్తం మారదు, కాబట్టి బిడ్డకు ఏమీ కాదు’ అనుకోవడానికి లేదు. ఆల్కహాల్, దాని నుంచి వచ్చే అసిటాల్డిహైడ్ ఎదిగే కణాలను నేరుగా దెబ్బతీస్తాయి. 1968లో ఫ్రాన్స్‌లో పాల్ లెమాయిన్, 1973లో అమెరికాలోని సియాటిల్‌లో కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ బాగా తాగే తల్లులకు పుట్టిన పిల్లల్లో ఒకే రకమైన ముఖలక్షణాలు, తక్కువ ఎదుగుదల, మెదడు సమస్యలు గమనించి రాశారు. ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అనే పేరు అలా వచ్చింది. ముఖంలో ఏ తేడా లేకుండా చదువులో, ఏకాగ్రతలో, ప్రవర్తనలో మాత్రమే ఇబ్బంది పడే పిల్లలు కూడా ఉంటారని తర్వాత తెలిసింది. గర్భంలో ఇంతవరకు తాగితే ఫరవాలేదు అని చెప్పగలిగే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో 2019 నుంచి మద్యం సీసాల మీద ఆరోగ్యానికి హానికరమని, తాగి బండి నడపొద్దని రాస్తున్నారు. గర్భిణుల కోసం ప్రత్యేకంగా ఒక్క వాక్యం లేదు. ఆ వాక్యం ఉండి తీరాలన్నది నా అభిప్రాయం.

మీరు తాగింది తెలియక. తెలిసిన రోజే ఆపేశారు. మీ వంటి పరిస్థితిలో ఉన్న ఎందరో తల్లులకు ఆరోగ్యమైన పిల్లలు పుట్టారు. ఆ రెండు సందర్భాలకు భయపడి గర్భం వద్దనుకోవాలా అనే ఆలోచన మనసులో ఏ మూలనైనా ఉంటే తీసేయండి. కానీ డాక్టర్‌కి చెప్పండి. వచ్చే చెకప్‌లో తారీఖులు, ఎంత తాగారో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ‘నెల తప్పినట్టు తెలియక ముందు ఒక పెద్ద బీరు, ఒక గ్లాసు వైన్ తాగాను, తర్వాత లేదు’ అంటే చాలు. దాంతో ఎన్‌టీ స్కాన్, 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ అవయవాలను వివరంగా చూసే టిఫా స్కాన్ చదివేటప్పుడు ఆ సంగతి డాక్టర్ మనసులో ఉంటుంది, బిడ్డ ఎదుగుదలను కూడా గమనిస్తారు. అత్తమ్మ పక్కన ఉండగా చెప్పడం ఇబ్బంది అయితే లోపలికి ఒక్కరే వెళ్తానని ముందే నర్సుకు చెప్పండి.

24 వారాల తర్వాత చేసే గ్లూకోజ్ పరీక్షలో షుగర్ ఉందని తేలితే ఇంకో జాగ్రత్త కావాలి. ఇన్సులిన్ తీసుకునే గర్భిణి మద్యం తాగితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్లలో లాక్టేట్ పేరుకునే ముప్పు పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు నీరా కూడా మంచిది కాదు, అందులో చక్కెర బాగా ఉంటుంది. ఆయుర్వేద షాపుల్లో దొరికే ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం వంటివి పులియబెట్టి చేసేవే, సీసా మీద చూస్తే అందులో సహజంగా తయారైన ఆల్కహాల్ శాతం రాసి ఉంటుంది. బలానికని ఎవరైనా తెచ్చిస్తే డాక్టర్‌ని అడగకుండా తాగొద్దు.

హైదరాబాద్‌లో కల్లు గురించి మాట్లాడుతూ కల్తీ సంగతి వదిలేయలేం. దుకాణాల్లో అమ్మే కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన ఉదంతాలు ఎన్నోసార్లు బయటపడ్డాయి. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఆల్కహాల్‌తో ఈ మత్తుమందులు కలిస్తే తల్లి శ్వాసే మందగిస్తుంది. తెలిసిన గీతకార్మికుడు చెట్టు దగ్గర ఇచ్చినదే అయినా ఆల్కహాల్ ఆల్కహాలే కాబట్టి మీకు వద్దనే చెబుతాను.

రోజూ కల్లు లేదా మద్యం అలవాటై, ఇప్పుడు గర్భంతో ఉన్న చెల్లెళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీకో మాట. ఒక్కసారిగా మీ అంతట మీరు ఆపేయకండి. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్ రావడం జరగొచ్చు. ఫిట్స్ వస్తే మీకూ బిడ్డకూ ఇద్దరికీ ప్రమాదమే. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు పెరిగినప్పుడు అలాంటి లక్షణాలతో ఎంతోమంది ఆసుపత్రులకు పరిగెత్తాల్సి వచ్చింది. మీ గైనకాలజిస్ట్‌కి చెబితే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలతో గానీ ఇంకో ఆసుపత్రితో గానీ మాట్లాడి, డాక్టర్ల పర్యవేక్షణలో మాన్పిస్తారు. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీ అత్తమ్మగారితో ఏం చెప్పాలో నాకు తోచింది రాస్తాను. ఆమె మీ మేలు కోరే చెబుతున్నారు, ఆ మాట ముందు ఒప్పుకోండి. తర్వాత ‘అత్తమ్మా, ఈసారి డాక్టర్ ఉపవాసం వద్దన్నారు. బోనం మీరెత్తండి, నేను పక్కన నడుస్తా’ అనండి. ఉపవాసం వద్దని మీ డాక్టర్ కూడా అంటారు, ఫోన్ చేసి అడిగితే అది నిజమే అవుతుంది. సాక అమ్మవారికి పోసేది, మీరు తాగకపోతే మొక్కు తీరకుండా పోదు. ఈ గొడవంతా మీరొక్కరే మోయొద్దు, మీ ఆయన్ని కూర్చోబెట్టి ఈ జవాబు చదివించండి. తల్లితో ఆయన చెబితే మాట వేరుగా ఉంటుంది. మీరు మానేసిన ఈ నెలల్లో ఆయన కూడా ఇంట్లో సీసా పెట్టకుండా ఉంటే మీకు అది పెద్ద సాయం.

చివరిగా బాలింతకు బ్రాందీ. 1960ల చివర్లో, 70లలో నెలలు నిండకుండా నొప్పులు వచ్చిన గర్భిణులకు డాక్టర్లే సెలైన్‌లో ఆల్కహాల్ ఎక్కించేవారు, ఎందుకంటే అది నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్‌ని అణచివేస్తుంది. దాని వల్ల వచ్చే ఇబ్బందులు తెలిశాక, మెరుగైన మందులు వచ్చాక ఆ పద్ధతి మానేశారు. రొమ్ములోంచి పాలు బయటికి వచ్చేలా చేసేది కూడా ఆ ఆక్సిటోసినే. అంటే బాలింతకు చలి తగ్గాలని, పాలు పడాలని ఇచ్చే బ్రాందీ పాలు రావడాన్నే తగ్గిస్తుంది. పాలలో ఆల్కహాల్ మోతాదు రక్తంలో ఉన్నంతే ఉంటుంది, పాలు పిండి పారబోసినా రక్తంలో ఉన్నంతసేపూ మళ్లీ చేరుతూనే ఉంటుంది. వేడివేడి మిరియాల చారన్నం, ఒంటిని కప్పే దుప్పటి, గంటసేపు నిద్రపోయేలా బిడ్డను ఎత్తుకునే ఇంకో మనిషి ఉంటే బాలింతకు ఆ రెండు మూతల బ్రాందీతో పనే ఉండదు.